అమెరికా శాశ్వత నివాసమునకు ఉద్యోగపు పిటిషను
(బేర్ సరాయిలో తెలుగు కుటుంబముల సమావేశమున చేసిన ప్రసంగపాఠము)



బేర్ సరాయి పేరు ఢిల్లీ పటములో వెదకి పట్టుకొనవలసినంత చిన్నది. అయినను తెలుగుదేశములోని కళాశాల విద్యార్థులకు ఈ పేరు చాందినీచౌకు పేరువలెనే పరిచితము. పాత జె.ఎన్.యు. ప్రాంగణమునకు చేరువను, ఐ.ఐ.టి.కి కూతవేటు దూరమునను ఉన్న ఈ సందులలో పోటీపరీక్షల పుస్తకముల అంగళ్లును, తెల్లవారినది మొదలు రాత్రి పొద్దుపోవువరకు తిరుగుచుండు జిరాక్సు యంత్రములును కలవు. ఒకే అంగడిలో శ్రీకాకుళపు బాలుడొకడు సివిలు సర్వీసు పరీక్షకు చరిత్ర నోట్సు బేరమాడుచుండును. ఖమ్మము బాలుడొకడు అతని ప్రక్కనే నిలిచి గేటు పుస్తకమో, జి.ఆర్.ఇ. పుస్తకమో తిరుగవేయుచుండును. మొదటివాని మార్గము షాజహాను రోడ్డులోని ధోల్‌పూరు హౌసు దాక పోవును. అక్కడ జయమో అపజయమో కొన్ని సంవత్సరములలో తేలిపోవును. రెండవవాని మార్గము సముద్రములు దాటి పోవును. ఆ మార్గములో చిట్టచివరి మజిలీ పేరు శాశ్వత నివాసార్హత. జనసామాన్యము దానిని గ్రీన్ కార్డు అందురు. ఆ మజిలీ చేరుటకు ఇరువది సంవత్సరములైనను చాలనివారు మన కుటుంబములలో పెక్కురు కలరు. అట్టివారి తలిదండ్రులు కొందరు ఈ సభలోనే ఉన్నారు గనుక, ఆ పిటిషను ఎట్టిదో, ఎవరు వేయుదురో, ఎందుకు ఆగిపోవునో వివరముగా చెప్పుకొనుట నిష్ప్రయోజనము కాదు.

మొదట ఒక పొరపాటు మాటను సవరింపవలెను. "మా అబ్బాయి గ్రీన్ కార్డుకు దరఖాస్తు పెట్టుకొన్నాడు" అని మనవారు చెప్పుదురు. సాధారణముగా అబ్బాయి ఏదియు పెట్టుకొనలేదు. పిటిషనరు యజమాని, అబ్బాయి లబ్ధిదారు మాత్రమే. అసాధారణ ప్రతిభావంతులును, తమ పని ఆ దేశమునకు మేలని రుజువు చేయగలవారును తమ పిటిషను తామే వేసికొనవచ్చును గాని, వారి సంఖ్య స్వల్పము. మిగిలినవారి విషయమున కంపెనీ వేసినది, కంపెనీ ఉపసంహరింపగలదు. ఈ ఒక్క సంగతి తెలిసియుండినచో, కుమారుడు టెలిఫోనులో "ఈ ఏడు ఉద్యోగము మారలేను నాన్నా" అన్నప్పుడు తండ్రికి ఆ మాటలోని బరువు తెలియును.

ఈ ద్వారము మనకు ఎల్లప్పుడును తెరచియుండలేదు. 1917లో అమెరికా ప్రభుత్వము ఆసియా ఖండములో ఒక నిషేధమండలమును గీసి భారతీయుల ప్రవేశమును అడ్డగించెను. 1923లో భగత్ సింగ్ థిండ్ వ్యాజ్యమున అచ్చటి సుప్రీముకోర్టు భారతీయులు పౌరసత్వమునకు అర్హులు కారని తీర్పు చెప్పెను. అంతకు ఒక్క సంవత్సరము ముందే, 1922లో, భీమవరమున పుట్టి మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టను నగరములో అడుగిడిరి. శరీరకణములలో శక్తిని మోయు పదార్థములను గూర్చి ఆయన హార్వర్డులో చేసిన పనియు, పిదప లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమును గూర్చి సాగించిన కృషియు ప్రపంచ వైద్యశాస్త్రమున నిలిచిపోయినవి. అంతటి మనీషి ఆ దేశమున ఇరువదియారు సంవత్సరములు పనిచేసి 1948లో పౌరసత్వము పొందకుండగనే మరణించెను. 1946లో వచ్చిన చట్టము పౌరసత్వపు తలుపు తెరచినను, సంవత్సరమునకు భారతీయులకు కేటాయించిన ప్రవేశములు 100 మాత్రమే. నూరుమంది! మన మంత్రిత్వశాఖలలో ఒక సెక్షను భవనమున అంతకంటె ఎక్కువమంది కూర్చుందురు.

1965 అక్టోబరు 3న అధ్యక్షుడు జాన్సను స్వేచ్ఛామూర్తి పాదముల చెంత సంతకము చేసిన చట్టముతో జాతినిబట్టి కోటా పెట్టు పద్ధతి తొలగెను. వృత్తి నిపుణులకు ఒక ప్రత్యేక శ్రేణి ఏర్పడెను. విశాఖపట్టణము, గుంటూరు, హైదరాబాదు వైద్య కళాశాలలలో చదివినవారు ఆ మార్గమున తరలిపోయిరి. 1976లో విదేశ వైద్యులపై నిర్బంధములు వచ్చువరకు ఆ ప్రవాహము సాగెను. మరుసటి సంవత్సరముననే అచ్చటి తెలుగువారు తానా సంఘముగా సమకూడుట గమనింపదగినది. ఇప్పుడు నడచుచున్న పద్ధతికి మూలము 1990 నాటి చట్టము. ఉద్యోగము మీద వచ్చువారికి సంవత్సరమునకు 1,40,000 సంఖ్యలను ఆ చట్టము కేటాయించి, అయిదు శ్రేణులుగా విభజించెను.

ఇక పిటిషను సంగతి. మన ఫైలువలెనే దీనికిని మూడు మెట్లు. మొదటి మెట్టు కార్మికశాఖ ధ్రువపత్రము. 2005 నుండి దీనిని పెర్మ్ అను పద్ధతిలో నడుపుచున్నారు. ఆ ఉద్యోగమునకు ఆ ప్రాంతమున చెల్లు వేతనమెంతయో యజమాని కార్మికశాఖను అడిగి తెలిసికొనవలెను. పిదప స్థానికులలో అర్హుడు, సిద్ధముగానున్నవాడు దొరకునేమో వెదకవలెను. వేర్వేరు రెండు ఆదివారములలో వార్తాపత్రికలో ప్రకటన, రాష్ట్రపు ఉద్యోగ కార్యాలయములో ముప్పది దినముల నమోదు, పనిచేయుచోట పది పనిదినములు నోటీసు, చదువరుల ఉద్యోగములైనచో ఇంకను మూడు విధముల అన్వేషణ. వచ్చిన దరఖాస్తులను యజమాని నిజముగా పరిశీలింపవలెను. లబ్ధిదారుడు ఆ ప్రక్కకు పోరాదు. న్యాయవాది రుసుము, ప్రకటనల వ్యయము యజమానియే భరింపవలెనని 2007లో నిబంధన వచ్చినది. ఈ ఖర్చు ఉద్యోగి జీతములోనుండి కోయు యజమాని నిబంధనకు వ్యతిరేకముగా పోవుచున్నాడని తెలిసికొనవలెను.

ఇక్కడ మన కార్యాలయముల అనుభవము కలవారికి చిరునవ్వు రాక మానదు. మనిషి అయిదేండ్లుగా ఆ కుర్చీలోనే కూర్చుండి పనిచేయుచుండగా, ఆ కుర్చీకి ఎవరైన దొరకుదురా అని పత్రికలో ప్రకటించుట! అయినను దీనిని ఉత్త తంతు అని కొట్టివేయరాదు. ఒక్క అర్హుడైన స్థానికుడు ముందుకు వచ్చినను ఆ పరీక్ష నిలువదు, మరల మొదటికి వచ్చును. కంపెనీ ఉద్యోగులను తొలగించిన సంవత్సరములలో ఈ మెట్టు దాటుట మరింత కష్టము; అట్టివేళ పెక్కు సంస్థలు ఈ పనినే నిలిపివేయును. తప్పు ఎవ్వరిదియు కాదు, కాని అబ్బాయికి ఒక సంవత్సరము పోవును.

ఆ దరఖాస్తును కార్మికశాఖ స్వీకరించిన దినమే సర్వమునకు మూలము. దానిని ప్రాధాన్యపు తేదీ అందురు. ధ్రువపత్రము చేతికి వచ్చిన 180 దినములలో రెండవ మెట్టు, అనగా ఐ-140 పిటిషను, వలసశాఖకు చేరవలెను. ఆ తేదీ నాటినుండి ఆ జీతమిచ్చు స్తోమత తనకు కలదని యజమాని ఆదాయపు పన్ను పత్రములతోనో, ఆడిటు లెక్కలతోనో చూపవలెను. ఉద్యోగికి కావలసిన చదువు, అనుభవము ఆ తేదీ నాటికే పూర్తియై యుండవలెను. తరువాత సంపాదించిన పట్టా లెక్కకు రాదు.

అనుభవ పత్రము సంగతి వినుటకు చిన్నది, పట్టుకొన్నచో పెద్దది. "ఫలానావారు మా సంస్థలో ఇంతకాలము పనిచేసిరి, వారి నడవడి సంతృప్తికరము" అని మన సంస్థలిచ్చు రెండు వాక్యముల పత్రము అక్కడ పనికిరాదు. ఏ హోదాలో, ఏ తేదీ నుండి ఏ తేదీ వరకు, ఏయే పనులు చేసెనో, సంతకము చేసినవారి పేరు, హోదా సంస్థ కాగితము మీద ఉండవలెను. హైదరాబాదులోని చిన్న కంపెనీ మూతపడినచో ఆ పత్రము కొరకు పాత సహోద్యోగుల ప్రమాణపత్రములకై తిరుగవలసివచ్చును. కావున ఉద్యోగము విడుచు దినముననే ఆ పత్రమును పూర్తిగా వ్రాయించుకొని రావలెను.

చదువు విషయమున మన బి.ఏ., బి.యస్‌సి., బి.కాం. పట్టభద్రులకు ఒక చిక్కు కలదు. మన డిగ్రీ మూడేండ్లది, వారిది నాలుగేండ్లది. మూడేండ్ల భారతీయ పట్టా ఒక్కటే అమెరికా పట్టాకు సమానము కాదని 1977లోనే అచ్చటి వలస అధికారులు ఒక నిర్ణయము చేసిరి. నేటికిని ఆ నీడ తొలగలేదు. డిగ్రీమీద ఎం.సి.ఏ.యో, ఎం.యస్‌సి.యో చేసినవారు రెండును కలిపి చూపి గట్టెక్కుచుందురు. కాని కార్మికశాఖకు పంపిన మొదటి కాగితములో అర్హతను ఏ మాటలలో వ్రాసిరో అదియే చివరివరకు కట్టివేయును. నోటు పుటలో మొదటి పేరా తప్పుగా వ్రాసినచో ఫైలంతయు ఆ తప్పుచుట్టే తిరుగునని సెక్షను ఆఫీసర్లకు వేరుగ చెప్పనక్కరలేదు.

పిటిషను ఆమోదింపబడినది. ఇరుగుపొరుగువారికి లడ్డూలు పంచిరి. కార్డు వచ్చినదా? రాలేదు. ఇక్కడనే కథ అసలు ఆరంభమగును. మూడవ మెట్టు, అనగా నివాసార్హత దరఖాస్తు, వరుస వచ్చినప్పుడే వేయుటకు వీలు. ఈ వరుసను మన సీనియారిటీ లిస్టుతో పోల్చవచ్చును. ప్రాధాన్యపు తేదీయే సీనియారిటీ. నెలనెలా విదేశాంగశాఖ ఒక బులెటిను వెలువరించి, ఏ తేదీకి పూర్వపువారు ముందుకు రావచ్చునో ప్రకటించును. అయితే మన లిస్టులో అందరును ఒక వరుసలో నిలుతురు. అక్కడ పుట్టిన దేశమునుబట్టి వేర్వేరు వరుసలు. ఏ దేశమునకైనను మొత్తములో 7 శాతమునకు మించరాదని చట్టము. 1,40,000లో 7 శాతము 9,800. మన ఇంజినీర్లు ఎక్కువగా చేరు రెండవ శ్రేణికి ఆ దేశపు వాటా సుమారు 2,800. దీనిలో పనివాడు ఒక్కడే కాదు, భార్య ఒక లెక్క, ప్రతి బిడ్డయు ఒక లెక్క. ఇతరులు వాడుకొనక మిగిల్చిన సంఖ్యలు ఒక్కొక్క సంవత్సరము భారతీయులకు జారును గాని, దానిమీద ఆశపెట్టుకొని ఇల్లు కట్టుకొనుటకు వీలులేదు.

2025 అక్టోబరు బులెటినులో రెండవ శ్రేణి భారతీయుల తేదీ 2013 ఏప్రిల్ 1. అనగా ఆ దినమునకు ముందు వరుసలో నిలిచినవారికి, పండ్రెండున్నర సంవత్సరములు గడచిన పిమ్మట, పిలుపు వచ్చినది. 2013 మే మాసములో నిలిచినవానికి అప్పటికి ఇంకను రాలేదు. పండ్రెండేండ్లు నిలిచినవారు కనుక నేడు చేరువారికిని పండ్రెండేండ్లే పట్టునని లెక్కవేయుట మరియొక పొరపాటు. నేడు చేరువాని ముందు నిలిచినవారు అప్పటికంటె అనేక రెట్లు. పైగా ఆ తేదీ ముందుకే నడచునని నమ్మకము లేదు. 2022 సెప్టెంబరులో ఆ శ్రేణి తేదీ 2014 డిసెంబరు 1 వరకు వచ్చెను. అక్టోబరులో 2012 ఏప్రిల్ 1కి వెనుకకు పోయెను. డిసెంబరులో 2011 అక్టోబరు 8కి దిగెను. పదోన్నతి ఉత్తర్వులు వెలువడి, చేతికి రాకమునుపే లిస్టు తిరగవ్రాసినట్లు.

పుట్టిన దేశమే ప్రమాణము గనుక విచిత్రములును జరుగును. తండ్రి మన రాయబార కార్యాలయమున పనిచేయు కాలములో ఖాట్మండులో పుట్టిన తెలుగు బాలుడు నేపాలు లెక్కలో నిలువవచ్చును. కువైటులో పుట్టిన తెలుగు పిల్లను వివాహమాడిన గుంటూరు ఇంజినీరు భార్య పుట్టిన దేశమును చూపి కువైటు వరుసలో చేరవచ్చును. ఒకే కంపెనీలో, ఒకే జీతము మీద, ఒకే దినమున పిటిషను వేసిన ఇద్దరిలో ఒకడు రెండు మూడేండ్లలో కార్డు పొందును. తెనాలిలో పుట్టినవాడు తన బిడ్డ పెండ్లియీడు వరకు ఎదురుచూచును. ప్రతిభతోడను, నడవడితోడను ఈ తేడాకు సంబంధము లేదు. దీనిని న్యాయమనుట కష్టము. వివిధ దేశములవారికి అవకాశముండవలెనను వాదమునకు విలువ లేదని గాదు. కాని లక్షకు పైగా జనులున్న వరుసకును, పదిమంది నిలిచిన వరుసకును ఒకే వెడల్పు ద్వారము పెట్టుట ఆ వాదమును కూడ బలపరచదు.

ఇంతవరకు చెప్పినది అక్కడి వ్యవహారము. ఇక్కడి తలిదండ్రుల పాత్ర చివరి మెట్టులో ఆరంభమగును. ఒక విశ్రాంత సెక్షను ఆఫీసరు గారిని ఊహించుకొందము. రామకృష్ణపురము క్వార్టర్లలో ఉద్యోగకాలమంతయు గడపి, ఇప్పుడు బేర్ సరాయి ఫ్లాటులో కాపురమున్నారు. వరుస వచ్చినదని సంతోషించిన మూడవనాడు కుమారుడు డల్లాసు నుండి టెలిఫోను చేసినాడు.

"నాన్నా, లాయరు నా బర్త్ సర్టిఫికెట్టు పంపమన్నాడు. మీరిచ్చిన దాంట్లో నా పేరే లేదు. మగశిశువు అని ఉంది."

"నీకు పేరు పెట్టకముందే మీ తాతయ్య పంచాయతీలో వ్రాయించాడురా. ఇన్నాళ్లూ ఎవరడిగారు?"

"ఇప్పుడు వీళ్లడుగుతున్నారు నాన్నా."

ఈ సంభాషణ తెలుగు ఇండ్లలో ఎన్ని తడవలు జరిగెనో లెక్కలేదు. కారణము మన ఆచారమే. తొలికాన్పు పుట్టింట జరుగవలెను. అబ్బాయి జననము కృష్ణాజిల్లా పల్లెటూరిలో, చదువు ఢిల్లీలో, పాస్‌పోర్టు చిరునామా రామకృష్ణపురములో, కళాశాల వరంగల్లులో. జనన మరణముల నమోదు చట్టము 1969లో చేయబడి, 1970 ఏప్రిల్ 1న అమలులోనికి వచ్చెను. దాని పిదప పుట్టినవారికి నమోదు ఉండవలెనని అమెరికా అధికారులు తలచుదురు. మన పల్లెలలో మాత్రము మంత్రసాని చేతులలో పుట్టిన పిల్లవానిని బడిలో వేయునాటికి గాని కాగితము గుర్తురాదు. పేరు లేకుండ నమోదైనచో తరువాత చేర్పించుకొనుటకు చట్టములోని 14వ సెక్షను వీలు కల్పించుచున్నది. అసలు నమోదే లేనిచో, సంవత్సరము దాటిన పిమ్మట మేజిస్ట్రేటు ఉత్తర్వు కావలెను. అయితే ముప్పదియేండ్ల తరువాత చేయించిన నమోదును అక్కడివారు అనుమానముతో చూతురు. వట్టి ఆలస్యపు నమోదు కంటె, దానితోపాటు పదవ తరగతి పత్రము, ఆసుపత్రి కాగితము, టీకాల చీటి వంటి పాత ఆధారములు బలమైనవి.

నమోదు దొరకనే దొరకనిచో, సంబంధిత కార్యాలయము నుండి రికార్డు లభ్యము కాదను పత్రము తెచ్చి, జననమును స్వయముగా ఎరిగిన ఇద్దరు పెద్దల ప్రమాణపత్రములు జతపరుపవలెను. ప్రమాణము చేయువారు తమ పేరు, చిరునామా, పుట్టినతేదీ, బంధుత్వము, ఆ జననము ఎక్కడ ఎప్పుడు జరిగెనో, తమకెట్లు తెలిసెనో వ్రాయవలెను. తల్లియో, అమ్మమ్మయో, మేనమామయో ఇందుకు తగినవారు. ప్రక్క ఫ్లాటు గెజిటెడ్ ఆఫీసరుగారు సంతకము చేసిపెట్టినచో ముద్ర గంభీరముగా ఉండును గాని, ఆయన ఆ కాన్పు నాడు విజయవాడలో లేడు కనుక ప్రయోజనము లేదు. అమ్మమ్మ గారు బ్రతికియున్న కాలముననే ఈ కాగితము వ్రాయించి ఉంచుట మంచిది. వలసశాఖవారు లోటు చూపి ఆధారము కోరినప్పుడు గడువు సాధారణముగా 84 దినములకు మించదు. ఆ వ్యవధిలో పంచాయతీ కార్యదర్శిని పట్టుకొని పాత రిజిస్టరు తీయించుట ఎట్టి పనియో తెలిసినవారికి తెలియును.

మన ఇంటిపేర్లు ఇంకొక సంకటము. తెలుగువారికి ఇంటిపేరు ముందు, అసలు పేరు తరువాత; ఢిల్లీ బడిలో చేర్చుకొన్నప్పుడు ఇంటిపేరు ఒక అక్షరముగా కుదించుకొనిపోవును; పాస్‌పోర్టు గుమాస్తా దానిని ఒకచోట విప్పి, మరియొకచోట విప్పక వదలును. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంచి పేరంతయు ఒకేచోట వ్రాసినవారికి వీసా మీద పేరంతయు ఇంటిపేరై, అసలు పేరుండవలసినచోట "ఎఫ్.ఎన్.యు." అను మూడక్షరములు పడును. మొదటి పేరు తెలియదు అని దాని అర్థము. బారసాల నాడు బియ్యములో ముమ్మారు వ్రాసి, చెవిలో చెప్పి పెట్టిన పేరు తెలియనిదైపోయినది! నవ్వులాట కాదు, ఆ మూడక్షరములు డ్రైవింగు లైసెన్సు మీదను, బ్యాంకు లెక్కలలోను ఎక్కి, చివరకు ఇద్దరు మనుష్యులా, ఒక్కడేనా అను ప్రశ్నకు దారితీయును. ఇప్పుడు పాస్‌పోర్టు తీయించు పిల్లలకైనను రెండు గడులను నింపి, పదవ తరగతి పత్రములోని పేరుతో అక్షరాక్షరము సరిచూచుట తలిదండ్రుల చేతిలోని పని. వివాహపు నమోదును అట్లే. ఆంధ్రప్రదేశములో వివాహముల నిర్బంధ నమోదు చట్టము 2002లో వచ్చినది. శుభలేఖయు, ఫోటో ఆల్బమును ఆ నమోదుకు బదులు కాజాలవు.

భార్యాబిడ్డల సంగతి చెప్పకున్నచో ఈ ప్రసంగమునకు ప్రాణము లేదు. హెచ్-1బి వీసా ఆరేండ్లది. 2000 నాటి చట్టము వలన, పిటిషను ఆమోదము పొంది వరుసలోనున్నవారికి మూడేసి సంవత్సరముల చొప్పున పొడిగింపు లభించుచున్నది. దానిమీదనే లక్షల సంసారములు నిలిచియున్నవి. 2015 మే 26 నుండి అట్టివారి భార్యలకు పనిచేయు అనుమతి కలిగినది. అంతవరకు మన ఎం.టెక్. చదివిన కోడండ్రు ఇంటిలో ఊరక కూర్చుండిరి. బిడ్డలకు మాత్రము ఇరువదియొకటవ యేడు గండము. నాలుగేండ్ల ప్రాయమున తల్లి చంకనెక్కి పోయిన పిల్ల, తెలుగు కంటె అచ్చటి యాసయే ఎక్కువగా వచ్చిన పిల్ల, ఇరువదియొక్క యేండ్లు నిండగానే తండ్రి పిటిషను నుండి తొలగిపోవును. విద్యార్థి వీసాలోనికి మారవలెను, లేదా దేశము విడువవలెను. 2010 ప్రాంతమున అచ్చటనే పుట్టిన తమ్ముడు పౌరుడు, అక్క పరదేశి.

2002 నాటి ఒక చట్టము ఈ గండమునకు కొంత ఉపశమనము కల్పించెను: పిటిషను పరిశీలనలోనున్న దినములను బిడ్డ వయస్సునుండి తీసివేయుదురు. ఇందులో ఒక వింత కలదు. వరుసలో నిలిచిన పండ్రెండేండ్లను తీసివేయరు. గుమాస్తా బల్లమీద కాగితమున్న కాలమునే తీసివేయుదురు. త్వరపడి అదనపు రుసుము చెల్లించి పదునైదు దినములలో ఆమోదము పొందిన తండ్రికి, బిడ్డ వయస్సునుండి తీసివేయుటకు ఆ కొలది దినములే మిగులును. శాఖవారి అలసత్వమే బిడ్డకు మేలు చేయు చట్టము ఇంకెక్కడను ఉండదేమో.

2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రములోని ఒలేథ పట్టణమున హైదరాబాదు యువ ఇంజినీరొకడు ఒక ఉన్మాది తుపాకికి బలియయ్యెను. ఆ దుర్వార్త ఈ నగరములోని ప్రతి తెలుగు ఇంటను కన్నీరు పెట్టించెను. ఆ పిమ్మట బయటపడిన సంగతి అంతకంటె తక్కువ బాధాకరము కాదు. భార్య నివాసహోదా భర్త వీసామీదనే ఆధారపడియున్నది. భర్త పోయిన క్షణమున ఆమె హోదాయు పోయెను. అంత్యక్రియలకు స్వదేశము వచ్చిన ఆమె తిరిగి తన ఇంటికి పోగలదో లేదో ఆమెకే తెలియదు. ఆ ప్రాంతపు కాంగ్రెసు సభ్యుడు పూనుకొనగా తాత్కాలికానుమతి లభించెను. అట్టి సహాయము అందరికిని లభించునది కాదు. వరుసలో నిలిచినవాడు మనిషి ఒక్కడు కాడనుటకు ఇంతకంటె నిదర్శనమక్కరలేదు.

ఈ వరుసను సరిచేయు ప్రయత్నములు జరుగలేదా? జరిగినవి. ఉద్యోగపు వీసాలకు దేశముల పరిమితిని తొలగించు బిల్లు 2011 నవంబరు 29న ప్రతినిధుల సభలో 389కి 15 ఓట్లతోను, అట్టిదే మరల 2019 జూలై 10న 365కి 65 ఓట్లతోను నెగ్గెను. 2020 డిసెంబరు 2న సెనేటు తన రూపమున ఒక బిల్లును ఏకగ్రీవముగా ఆమోదించెను. రెండు సభల రూపములు కలియక, కాలము మించి, అది చట్టము కాలేదు. మనవారు ప్రయత్నించి గెలిచినది ఒక్కసారి. 2007 జూన్ నడుమ వెలువడిన జూలై బులెటిను దాదాపు అన్ని ఉద్యోగ శ్రేణులకును తలుపు తెరచినట్లు ప్రకటించెను. జనులు సెలవులు పెట్టి, వైద్యపరీక్షలు చేయించుకొని, కాగితములు పంపిరి. జూలై 2న ఆ ప్రకటన రద్దయ్యెను. అప్పుడు వారు తిట్టలేదు, రాళ్లు రువ్వలేదు. ముందు సంవత్సరపు "లగే రహో మున్నాభాయి" చిత్రమును చూచినవారు కనుక వలసశాఖాధిపతికి వందలకొలది పూలగుత్తులు పంపిరి. ఆయన వానిని గాయపడిన సైనికుల ఆసుపత్రులకు పంపించెను. జూలై 17న ప్రభుత్వము దిగివచ్చి, ఆగస్టు 17 వరకు దరఖాస్తులు స్వీకరించెదమని చెప్పెను. ఆ నెలలో దరఖాస్తు వేయగలిగినవారు, కార్డు రాకున్నను, పని అనుమతి పొంది, 180 దినముల పిదప అట్టి ఉద్యోగమునకే మరియొక యజమాని యొద్దకు మారుటకు స్వేచ్ఛ పొందిరి.

ఇప్పుడు అంగడిలో జి.ఆర్.ఇ. పుస్తకము తిరుగవేయుచున్న బాలునికి మొదటి మెట్టు కంటె ముందే ఒక గోడ లేచినది. 2025 సెప్టెంబరు 19 నాటి అధ్యక్ష ప్రకటన, విదేశమున ఉన్నవారికై కొత్తగా వేయు హెచ్-1బి పిటిషనుకు లక్ష డాలర్లు చెల్లింపవలెనని నిర్దేశించెను. శాశ్వత నివాసపు పిటిషనుకు అది వర్తింపదు. కాని హెచ్-1బి లేనిదే మనవారు ఆ పిటిషను దాక నడచుట అరుదు. అందుచేత ఆ బాలుని తండ్రి అప్పు పత్రముమీద సంతకము చేయుటకు ముందు ఈ లెక్కను తెలిసికొనుట అవసరము.

తిరిగివచ్చినవారిని గూర్చి ఒక మాట. పండ్రెండేండ్లు, పదునాలుగేండ్లు చూచి, తండ్రికి పక్షవాతము వచ్చినదనియో, బిడ్డకు ఇరువదియొకటి దగ్గరపడినదనియో సామానుకట్టి వచ్చినవారు హైదరాబాదులోను, ఈ నగరములోను కలరు. వారి పిటిషను ఏమగునని తరచు అడుగుదురు. ఆమోదము పొంది 180 దినములు గడచిన పిటిషనును యజమాని తరువాత ఉపసంహరించినను, మోసమో, పెద్ద పొరపాటో బయటపడి ఆమోదమునే రద్దుచేయనంతవరకు, ఆ తేదీ ఉద్యోగిదే. మరియొక యజమాని ఎప్పుడైన కొత్త పిటిషను వేసినచో, పాత తేదీనే చూపుకొనవచ్చును. కావున ఐ-140 ఆమోదపత్రపు ప్రతిని యజమాని నుండియో, న్యాయవాది నుండియో అడిగి తెచ్చుకొని, ఇంటి దస్తావేజులతోపాటు భద్రపరుపవలెను. స్వదేశమున ఉండగానే వరుస వచ్చినచో, దూతకార్యాలయము మూలముగా వీసా తీసికొనుటకు పదునారేండ్లు నిండిన ప్రతివారికిని పోలీసు పరిశీలన పత్రము కావలెను. దానికి దరఖాస్తు పాస్‌పోర్టు శాఖకే చేసికొనవలెను. ఢిల్లీవారికి ఆ ప్రాంతీయ కార్యాలయము ఇక్కడికి దగ్గరనే, భికాజీ కామా ప్లేసులో ఉన్నది.